అమ్మాయి భుజానికి అమరిన రైఫిల్: నా అనుభవం

మా అమ్మాయికి పదమూడేళ్లు. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ షూటింగ్ నేర్చుకుంటోంది. తన కోసం ఒకరు వాడి అమ్మేసిన బోల్ట్ యాక్షన్ ఎయిర్ రైఫిల్ కొని, ఇంట్లోనే తనకి సరిపడేలా మార్చాను. ఏ పని ఎలా చేశానో, దేనివల్ల ఎంత ఫలితం వచ్చిందో రాయాలని కొంతకాలంగా అనుకుంటున్నాను. విజయనగరం, శ్రీకాకుళం వైపు ఈ ఆట నేర్చుకునే పిల్లలు తక్కువే గానీ లేకపోలేదు. వాళ్లలో చాలామంది చేతుల్లో నేను చూసినవి పెద్ద మగవాళ్ల కొలతలకి చేసిన రైఫిళ్లే. అన్నయ్య బూట్లు వేసుకుని పరుగు పందెంలో దిగినట్టు ఉంటుంది ఆ పిల్లల పరిస్థితి.

మొదట చట్టం సంగతి చెప్పాలి. మందుగుండుతో పేలే అసలు రైఫిల్‌ని లైసెన్స్ లేకుండా తయారు చేసినా, మార్చినా, రిపేరు చేసినా 1959 ఆయుధాల చట్టం కింద నేరం. నేను చెప్పేది దాని గురించి కాదు. 2016 ఆయుధాల నియమాల ప్రకారం కాలిబర్ (గొట్టం లోపలి వ్యాసం) 4.5 మి.మీ., మజిల్ ఎనర్జీ (గొట్టం మూతి అంటే మజిల్ దాటేటప్పుడు గుండుకి ఉండే శక్తి) 20 జౌళ్లు దాటని ఎయిర్ రైఫిల్‌కి లైసెన్స్ అక్కర్లేదు. మాది ఆ కోవలోదే. పోటీల్లో వాడేవీ 4.5 మి.మీ. రైఫిళ్లే. అలాగని అది బొమ్మ కాదు. కన్ను పోగొట్టే శక్తి దానికుంది. వాడనప్పుడు మా ఇంట్లో అది తాళం వేసిన బీరువాలో ఉంటుంది, అందులో పెట్టి కాల్చే సీసం గుళ్లు, అంటే పెల్లెట్లు, వేరే గదిలో ఉంటాయి.

నాకు ఈ పిచ్చి విజయనగరం మహారాజా కాలేజీలో ఎన్‌సీసీ రోజుల్లో పట్టుకుంది. క్యాంపులో పాయింట్ టూ టూ బోల్ట్ యాక్షన్ రైఫిల్ చేతికిచ్చేవారు. నేల మీద బోర్లా పడుకుని, 25 మీటర్ల దూరంలోని టార్గెట్ మీద కాల్చాలి. గుండు మధ్యలో తగిలిందా లేదా అన్నది మా హవల్దార్ సార్ పట్టించుకునేవారే కాదు. ఐదు గుళ్లూ ఒకే చోట పడ్డాయా అని మాత్రం చూసేవారు. గ్రూపింగ్ వస్తే మధ్యలోకి జరపడం గురి చూసే సైటు పని అనేవారు. భుజం, బుగ్గ, ఊపిరి, వేలు ప్రతిసారీ ఒకేలా ఉండాలి. ఆయన నేర్పింది అంతే. రైఫిల్‌ని బాగుచేయడమంటే కూడా ఇదేనని నా గట్టి నమ్మకం. మనిషి ఒకేలా ఉండడానికి రైఫిల్ సాయపడాలి, రైఫిల్ కూడా ప్రతిసారీ ఒకేలా పనిచేయాలి. ఇక దాని పవర్ పెంచి ఈ ఆటలో సాధించేది ఏమీ లేదు.

ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, రైఫిల్ ఇంటికి వచ్చీ రాగానే వీధిలో వాళ్లందరూ అడిగింది పవర్ గురించే. "ఎంత దూరం ఎల్తాది మాస్టారూ?", "పిట్టని కొడితే పడతాదేటి?" కొబ్బరిచెట్ల మీద కోతుల్ని తోలడానికి ఒకపూట ఇమ్మని పక్కింటాయన మొహమాటం లేకుండానే అడిగారు. ఇవ్వనని చెప్పాను. మూగజీవాల్ని అలా కొట్టకూడదన్నది ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం మా అమ్మాయి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఇళ్ల మధ్య చెట్ల మీదే గూళ్లు కట్టుకునే గూడబాతులు, రంగు కొంగలు తనకి ప్రాణం. ఆ పిల్ల చేతికి నేనిచ్చే రైఫిల్ ఎదుట కాగితం టార్గెట్ తప్ప ఇంకేదీ ఉండకూడదు.

మేం కొన్నది పీసీపీ రకం, అంటే ముందే గాలి నింపి ఉంచుకునేది. బ్యారెల్ కింద ఒక సిలిండర్ ఉంటుంది. అందులో 200 బార్ వరకు గాలి నింపుతాం. బోల్టు వెనక్కి లాగి, పెల్లెట్ పెట్టి, బోల్టు ముందుకి తోసి మూస్తాం. ట్రిగ్గర్ నొక్కితే సుత్తి వాల్వుని తడుతుంది, కొలిచినట్టు కొంచెం గాలి బయటికొచ్చి పెల్లెట్‌ని తోస్తుంది. స్ప్రింగ్ రైఫిల్ లాగా ప్రతిసారీ బలమంతా పెట్టి వంచాల్సిన పని లేదు, కుదుపూ దాదాపు ఉండదు. పిల్లలకి ఇదే నయం. ఒక హెచ్చరిక మాత్రం ఉంది. లారీ టైరులో ఉండే గాలి 8 బార్ చుట్టుపక్కల. ఇక్కడున్నది దానికి పాతిక రెట్లు. అందుకే సిలిండర్, వాల్వు, వాటి సీళ్ల జోలికి నేను పోలేదు, ఎవరూ ఇంట్లో పోకూడదు కూడా. ఆ పని కంపెనీ సర్వీస్ వాళ్లది. నేను చేసిందంతా కర్ర భాగం (స్టాక్), సైట్లు, ట్రిగ్గర్‌కి బయట నుంచి తిప్పే మరలు, శుభ్రం చేయడం. ఏ పని మొదలుపెట్టినా ముందు బోల్టు తెరిచి, బ్యారెల్‌లో పెల్లెట్ లేదని కంటితో చూసుకోవాలి. గాలి పూర్తిగా వదిలేశాకే స్టాక్ విప్పాలి.

అన్నిటికంటే ఎక్కువ సమయం తీసుకున్నదీ, ఎక్కువ ఫలితమిచ్చిందీ స్టాక్ పనే.

కొలత తీసే పద్ధతి తేలిక. మోచేయి లంబకోణంలో వంచి, మోచేతి మడత నుంచి చూపుడు వేలి మొదటి కణుపు మధ్య వరకు కొలవాలి. మా అమ్మాయిది 29 సెంటీమీటర్లు. రైఫిల్ మీద ట్రిగ్గర్ నుంచి, భుజానికి ఆనే బట్ చివరి వరకు 36 సెంటీమీటర్లు ఉంది. ఈ తేడాని సర్దుకోవడానికి తను ఏం చేసేదంటే, నడుము బాగా వెనక్కి వంచి, మెడ ముందుకి చాచి, కుడి మోచేయి రెక్కలా పైకెత్తేది. చూసేవాళ్లకి పొజిషన్ సరిగా రావట్లేదని అనిపిస్తుంది. నిజానికి ఆ కొలతలో ఎవరికైనా అంతకంటే మంచి పొజిషన్ రాదు. ఈ పోటీలో 60 షాట్లు, గంటా పావు సమయం, అంతసేపూ నిలబడే కాల్చాలి. వంకరగా నిలబడిన పిల్లకి ఇరవయ్యో షాటుకే నడుము లాగేస్తుంది.

బట్‌ని ఏడు సెంటీమీటర్లు కోయాలని నిర్ణయించాను. కోసే చోట చుట్టూ మాస్కింగ్ టేప్ అంటించి, దాని మీద గీత గీసి, సన్నపళ్ల రంపంతో నెమ్మదిగా కోస్తే అంచులు పేలికలు లేవవు. కోసేముందు బట్ ప్లేట్ విప్పి లోపల గుల్ల ఎంత లోతుందో, మరమేకులు ఎక్కడిదాకా వెళ్లాయో చూసుకోవాలి. ఇదంతా కష్టం కాదు. అసలు ఆలోచించాల్సింది వేరే ఉంది. పదమూడేళ్ల పిల్ల ఏడాది తిరిగేసరికి పెరుగుతుంది, చేయి పొడుగవుతుంది. అప్పుడు ఇంకో రైఫిల్ కొనలేం. విదేశీ మ్యాచ్ రైఫిల్ ధర లక్షల్లో ఉంటుంది. కాబట్టి కోసేసి ఊరుకోకుండా, బట్‌కీ బట్ ప్లేట్‌కీ మధ్య చేర్చుకుంటూ పోవడానికి స్పేసర్లు కావాలి. 5 మి.మీ. మందంవి కొన్ని, 10 మి.మీ. మందంవి కొన్ని. వాటికి తోడు తన బుగ్గ ఆనడానికి పైకీ కిందికీ జరిగే ఒక దిమ్మ.

వీటికి ఏ కర్ర వాడాలన్న దగ్గర నాకు బొబ్బిలి గుర్తొచ్చింది. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణలు చేస్తారు. ఒకే పనస దుంగని తొలిచి, అతుకు లేకుండా చేసే ఏకాండి వీణ అక్కడి ప్రత్యేకత. గంటల తరబడి మనిషి ఒంటికి ఆనుకుని ఉండే వస్తువుని చెక్కడం తరతరాలుగా వాళ్ల చేతుల్లో ఉన్న విద్య. నాకు కావలసిందీ అదే కదా. పైగా పనస కర్ర తేలిక, గుల్ల కాదు, చేవ ఉన్నదైతే పురుగు పట్టదు.

వెళ్లి అడిగితే అక్కడి పెద్దాయన నా వైపు కొంచెం అనుమానంగా చూశారు.

"తుపాకీకి పనస కర్రేటి మాస్టారూ?"

"మా గుంట ఆటల పోటీకి బాబూ. బుగ్గ ఆనించుకోడానికి."

ఫోన్‌లో మా అమ్మాయి ఫొటో చూపించాను. ఆయన దాన్ని పెద్దది చేసి చాలాసేపు చూసి, "మెడ చూడండి, ఎంత కష్టపడతందో. బుగ్గ కింద ఎముక ఆనాల గానీ మెత్తటి చోట ఆనకూడదు" అన్నారు. షూటింగ్ ఆయన ఎప్పుడూ చూసి ఉండరు. అయినా నేను పుస్తకాల్లో చదివి తెలుసుకున్న సంగతిని ఫొటో చూసి చెప్పేశారు. వీణ పనిలో మిగిలిన ఎండిన చేవ ముక్కలు ఏరి ఇచ్చారు. "పచ్చి కర్ర తేకండి, తిరిగిపోద్ది" అని మరీ మరీ చెప్పారు. డబ్బులు బలవంతం మీద తీసుకున్నారు.

స్పేసర్లు నేనే కోశాను. బుగ్గ ఆనే దిమ్మకి, అంటే చీక్ పీస్‌కి, రెండు 8 మి.మీ. స్టీలు కడ్డీలు, వాటిని బిగించే మరలు గంటస్తంభం దగ్గర హార్డ్‌వేర్ షాపులో దొరికాయి. స్టాక్‌లో కడ్డీలు దిగే రంధ్రాలు మాత్రం నిలువుగా, ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. చేతి డ్రిల్‌తో అది రాదు. తెలిసిన లేతు షాపులో డ్రిల్ ప్రెస్ మీద వేయించాను.

ఎత్తు సరిచూసే పద్ధతి ఏమిటంటే, పిల్లని కళ్లు మూసుకుని రైఫిల్ ఎత్తమనాలి. తల సహజంగా వాలి బుగ్గ ఆనాక కళ్లు తెరవమనాలి. వెనక సైటు రంధ్రంలోంచి ముందు సైటు వలయం సరిగ్గా మధ్యలో కనిపిస్తే ఎత్తు కుదిరినట్టు. తల పైకెత్తాల్సి వచ్చినా, బుగ్గ గట్టిగా నొక్కాల్సి వచ్చినా కుదరనట్టే. మేం ఒక మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లు జరుపుకుంటూ సాయంత్రాలు కూర్చున్నాం. ఒక దశలో తను కళ్లు తెరిచి, "నాన్నా, ఇప్పుడు నేనేం చెయ్యక్కర్లేదు, అదే కనిపిస్తోంది" అంది. అక్కడ మర బిగించి, కడ్డీ మీద సన్నగా గీత పెట్టాను. ఏడాదికి ఎంత పెరిగిందో ఇక ఆ గీత చెబుతుంది.

బుగ్గ తగిలే ముఖాన్ని మొదట 80 నంబరు, తర్వాత 120, 180, 240, 320 గరుకు కాగితంతో వరసగా రుద్దాను. మధ్యలో ఒకసారి తడిగుడ్డతో తుడిచి ఆరబెడితే పడుకున్న నార పైకి లేస్తుంది, అప్పుడు మళ్లీ రుద్దాలి. లేకపోతే మొదటి వానాకాలంలో చెమటకి గరుకెక్కుతుంది. పైన మరిగించిన అవిసె నూనె పలచగా పూత మీద పూత పట్టించాను. ఇక్కడ అందరికీ తెలియని ప్రమాదం ఒకటుంది. అవిసె నూనె పట్టిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోవచ్చు. వాటిని దండెం మీద విడివిడిగా ఆరేసి, బాగా ఎండాకే పారేయాలి. కొత్తగా కోసినప్పుడు పసుపుపచ్చగా ఉన్న పనస కర్ర ఇప్పుడు ముదురు గోధుమ రంగుకి తిరిగింది. అసలు స్టాక్ రంగుకీ దీనికీ పొంతన లేదు. నాకైతే అలాగే బాగుంది.

స్టాక్ అమరాక రైఫిల్ స్వభావం ఎలా ఉందో చూడాలనుకున్నాను. మనిషి ప్రమేయం లేకుండా బల్ల మీద ఇసుక సంచుల్లో కుదురుగా పెట్టి, డాబా మీద పది మీటర్లు కొలిచి, వెనక మందపాటి ప్లైవుడ్, దాని ముందు పాత గుడ్డలు కూరిన ఇనప పెట్టె పెట్టి కాల్చాను. ఐదు పెల్లెట్లు చేసిన గుంపు బయటి అంచు నుంచి బయటి అంచుకి 11 మి.మీ. వచ్చింది. పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. ఒక్కో వలయం 2.5 మి.మీ. దూరంలో ఉంటుంది. అంటే పిల్ల ఏ తప్పూ చేయకపోయినా రైఫిల్ ఒక పాయింటు మింగేస్తోంది.

కారణాలు ఒకటొకటిగా వెతికాను. బ్యారెల్ చివర అంచు దగ్గర చెవిలో పెట్టుకునే దూది పుల్లని గుండ్రంగా తిప్పితే, ఎక్కడైనా గంటు ఉంటే దూది పోగులు అక్కడ చిక్కుకుంటాయి. చిక్కుకోలేదు, అంచు బాగానే ఉంది. బ్యారెల్ లోపల మాత్రం సీసం, పాత నూనె గడ్డకట్టి ఉన్నాయి. చేపల గేలం తీగకి గుడ్డ ముక్క కట్టి బోల్టు వైపు నుంచి మజిల్ వైపుకి లాగాను. ఇనప కడ్డీ దూర్చకూడదు, లోపలి గాళ్లు గీసుకుపోతాయి. మొదటి గుడ్డలు బొగ్గులా వచ్చాయి.

తర్వాత స్టాక్ మరలు. మన ప్రాంతపు తేమకి కర్ర ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. మర వదులైతే యాక్షన్, అంటే బోల్టు, ట్రిగ్గర్ ఉండే లోహ భాగం, తన చోట్లో ప్రతిసారీ వేరేలా కూర్చుంటుంది. దీనికి బెడ్డింగ్ చేశాను. యాక్షన్ కూర్చునే గాడిలో నెమ్మదిగా గట్టిపడే రకం అరల్డైట్, రెండు ట్యూబులూ సమానంగా కలిపి పలచగా వేసి, యాక్షన్‌కి రంగులేని షూ పాలిష్ దట్టంగా పూసి, దాంట్లో కూర్చోబెట్టి ఒక రోజంతా కదపకుండా వదిలేయాలి. షూ పాలిష్ ఉండబట్టే ఆరాక విడిగా వస్తుంది. మర రంధ్రాల్లోకి జిగురు పోకుండా మైనం కూరాలి. ట్రిగ్గర్ గాడి వైపు టేప్ వేయాలి. ఆరాక యాక్షన్ అచ్చులో పోసినట్టు కూర్చుంది, మర బిగిస్తుంటే ఎక్కడా పట్టేయలేదు. మరల్ని ప్రతిసారీ ఒకే బిగువుతో బిగించాలి, అల్లెన్ కీ పొట్టి కాడ పట్టుకుని రెండు వేళ్లతో తిప్పితే చాలు.

మూడోది బ్యారెల్ బ్యాండు. సిలిండర్‌కీ బ్యారెల్‌కీ కలిపి ముందు ఒక పట్టీ ఉంటుంది. లోపల ఒత్తిడి మారేకొద్దీ సిలిండర్ అతి స్వల్పంగా కదులుతుంది, పట్టీ గట్టిగా ఉంటే బ్యారెల్‌ని కూడా లాగుతుంది. మాదాంట్లో ఆ పట్టీ బ్యారెల్‌ని ఒక పక్కకి నొక్కుతోంది. మర కొంచెం వదులు చేసి, బ్యారెల్ చుట్టూ కాగితం మందం సందు ఉండేలా సర్దాను. మర కదలకుండా నీలం రంగు థ్రెడ్ లాకర్ ఒక్క చుక్క. ఈ మూడూ అయ్యాక అదే డబ్బాలోని పెల్లెట్లతో గుంపు 8 మి.మీ.కి దిగింది.

నాకు అన్నిటికంటే ఆనందం కలిగించిన భాగం వేగం కొలవడం. దానికి క్రోనోగ్రాఫ్ అనే పరికరం ఉంటుంది, నా దగ్గర లేదు. ఫోన్ ఉంది. ఫోన్‌ని రైఫిల్‌కీ టార్గెట్‌కీ సమాన దూరంలో, కాల్చే దారికి బాగా పక్కగా పెట్టి శబ్దం రికార్డ్ చేశాను. పేలిన చప్పుడూ, పెట్టెకి తగిలిన చప్పుడూ ఫోన్‌ని చేరడానికి ఒకే సమయం పడుతుంది కాబట్టి రెంటి మధ్య తేడాయే పెల్లెట్ ప్రయాణ కాలం. ఆడియో ఎడిటర్‌లో తరంగాన్ని సాగదీసి చూస్తే 0.060 సెకన్లు. పది మీటర్లని దాంతో భాగిస్తే సగటున సెకనుకి 167 మీటర్లు. పెల్లెట్ బరువు 0.53 గ్రాములు. గతిశక్తి సూత్రంలో వేస్తే సుమారు 7.4 జౌళ్లు. మజిల్ దగ్గర ఇంకాస్త ఎక్కువే ఉంటుంది గానీ చట్టం గీసిన 20 జౌళ్ల గీతకి చాలా దూరం. ఈ లెక్క మా అమ్మాయే వేసింది. తొమ్మిదో తరగతి పాఠం తన చేతిలో పనికొచ్చినందుకు తను పడిన సంబరం చూడాలి.

దాంతో ఇంకో సంగతి బయటపడింది. సిలిండర్ నిండా 200 బార్ ఉన్నప్పుడు ప్రయాణ కాలం 0.063 సెకన్లు ఉంది. ఒత్తిడి మరీ ఎక్కువైతే వాల్వు తెరుచుకోవడానికే కష్టపడుతుంది, గాలి తక్కువ వస్తుంది. 170 నుంచి 110 బార్ మధ్య మాత్రం 0.060 దగ్గరే నిలకడగా ఉంది, తర్వాత మళ్లీ మందగించింది. సెకనులో వెయ్యింట మూడు వంతుల ఈ తేడా లెక్కలోకి వస్తుందా? వస్తుంది. కింద పడే దూరం కాలవర్గాన్ని బట్టి ఉంటుంది కదా. 0.060 సెకన్లలో పెల్లెట్ 17.7 మి.మీ. కిందికి జారితే, 0.063 సెకన్లలో 19.5 మి.మీ. జారుతుంది. దాదాపు 2 మి.మీ. తేడా. ఒక వలయంలో ముప్పాతిక భాగం! అప్పటినుంచి మేం 170కి మించి నింపడం లేదు, 110కి దిగితే ఆపేసి మళ్లీ నింపుతాం. చేతి పంపుతో కొట్టడమూ తేలికైంది. పంపు వేడెక్కితే ఆగాలి, మన గాలిలో తేమ ఎక్కువ కాబట్టి పంపు ఫిల్టర్ తరచుగా మార్చాలి.

పెల్లెట్ల దగ్గరికి వస్తే, పోటీకి ముక్కు చదునుగా ఉన్న వాడ్‌కట్టర్ రకమే కావాలి, కాగితం మీద గుండ్రటి రంధ్రం శుభ్రంగా పడుతుంది. తల వ్యాసం 4.49, 4.50, 4.51 మి.మీ. అని రకాలుంటాయి. ఏ బ్యారెల్‌కి ఏది నప్పుతుందో కాల్చి చూస్తేనే తెలుస్తుంది. ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్10, హెచ్ అండ్ ఎన్ ఫినాలే మ్యాచ్ లాంటివి తలా కొన్ని తెప్పించి పోల్చాం. మా బ్యారెల్‌కి 4.50 నచ్చింది, గుంపు 7 మి.మీ.కి వచ్చింది. పెల్లెట్ వ్యాసమే 4.5 మి.మీ. అయినప్పుడు ఈ ధర రైఫిల్‌కి ఇది మంచి ఫలితం. అవి సీసం కాబట్టి ప్రాక్టీసు అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా మా అమ్మాయి మంచినీళ్ల గ్లాసు కూడా ముట్టుకోదు. ఈ విషయంలో వాళ్లమ్మ చాలా కచ్చితం.

ట్రిగ్గర్ గురించి క్లుప్తంగానే చెబుతాను. స్ప్రింగ్ త్రాసు కొక్కెం తగిలించి లాగితే 1.4 కిలోల దగ్గర విడిచింది. పిల్ల వేలికి అది చాలా బరువు. అంత బలం పెడితే రైఫిల్ మొత్తం పక్కకి జరుగుతుంది. కంపెనీ ఇచ్చిన మరని కొద్దికొద్దిగా తిప్పుతూ 600 గ్రాములకి తెచ్చాను. ఇంకా తగ్గించవచ్చు, ఎయిర్ రైఫిల్ పోటీలో ట్రిగ్గర్ బరువుకి కనీస పరిమితి లేదు. కానీ నేర్చుకునే పిల్లకి ఇది చాలు. మర తిప్పిన ప్రతిసారీ, పెల్లెట్ లేకుండా బోల్టు వేసి, మజిల్ పెట్టె వైపే ఉంచి, బట్ మీద రబ్బరు సుత్తితో తట్టి చూడాలి. దానంతటది విడిచిందంటే మర వెనక్కి తిప్పేయాల్సిందే. లోపల సుత్తిని పట్టి ఉంచే సియర్‌ని ఆకురాయితో అరగదీసి నున్నగా చేస్తామనేవాళ్ల మాట వినొద్దు. ఆ లోహం పై పొరకే గట్టిదనం ఉంటుంది, అది పోతే రైఫిల్‌ని నమ్మలేం.

వెనక పీప్ సైటు (చిన్న రంధ్రంలోంచి చూసేది), ముందు వలయం ఉన్న సైటు విడిగా కొన్నాం. మన దగ్గర పిల్లల పోటీల్లో ఓపెన్ సైటుకీ (రంధ్రం బదులు పైన తెరిచిన గాడి ఉండేది) పీప్ సైటుకీ వేరువేరు విభాగాలుంటాయి, కొనేముందు ఏ విభాగంలో దిగుతారో నిర్ణయించుకోవాలి. టార్గెట్ మధ్య నల్లటి భాగం వ్యాసం 30.5 మి.మీ. ముందు సైటు వలయంలో ఆ నలుపు చుట్టూ తెల్లటి గీత కొంచెం ధారాళంగానే కనిపించాలి. వలయం బిగుతుగా ఉంటే గురి బాగా కుదిరినట్టు అనిపిస్తుంది గానీ, కన్ను అలిసిపోయి పిల్ల ట్రిగ్గర్ నొక్కడానికి జంకుతుంది. ఒక సైజు పెద్దది వేశాక మా అమ్మాయికి ఆ టెన్షన్ పోయింది.

ఇదంతా అయ్యాక తన షూటింగ్‌లో వచ్చిన మార్పు చెబుతాను. నిలబడి కాలిస్తే ఇంతకుముందు పెల్లెట్లు నలుపంతా చెదిరి, కొన్ని తెలుపులోకీ పోయేవి. ఇప్పుడు ఎక్కువ భాగం 8 పాయింట్ల వలయం లోపలో దాని అంచునో ఉంటున్నాయి. సిరీస్ చివర్లో కూడా నడుము నొప్పి అనడం లేదు. కోచ్ గారు రైఫిల్ చేతిలోకి తీసుకుని, బుగ్గ దిమ్మ మీద వేలు రాసి, ఏం కర్ర అని అడిగారు. అభినవ్ బింద్రా 2008 బీజింగ్‌లో బంగారం గెలిచిందీ, మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం గెలిచిందీ ఈ పది మీటర్ల ఈవెంట్‌లోనే. వాళ్ల రైఫిళ్లలో సర్దుకునే మరలు లేని చోటు కనపడదు. మా పిల్లకి కావలసిన మరలు మేం పెట్టుకున్నాం.

మొన్న ఉగాదికి ఒక 5 మి.మీ. స్పేసర్ చేర్చాం, చీక్ పీస్ గీత దాటి కొంచెం పైకి వెళ్లింది. గొల్లపల్లి పెద్దాయన దగ్గర ఈసారి పెద్ద పనస చెక్క చెప్పి ఉంచాను. అది పూర్తిగా ఎండడానికి ఇంకా సమయం ఉంది. ఈలోగా చేతి పట్టు దగ్గర తన అరచేతి అచ్చు తీసి, మైనంతో నమూనా చేస్తున్నాను. అది కుదిరితే మొత్తం స్టాకే కొత్తగా చెక్కించాలని ఉంది.